రేవు బొమ్మలో దొంగ ఎక్కడ?

1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ టెన్ హోర్న్ అనే పుస్తకాల వర్తకుడు సముద్రపు దొంగల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. రాసినవాడు ఎక్స్‌క్వెమెలిన్. కరీబియన్ సముద్రంలో దొంగ ఓడల మీద మంగలి వైద్యుడిగా తిరిగినవాడు, చూసినవీ విన్నవీ కలిపి రాశాడు. అందులో రాగిరేకు బొమ్మలున్నాయి. కత్తి పట్టిన దొంగ నాయకుడు ముందు నిలబడి మనవైపే చూస్తుంటాడు, వెనక పోరాటం జరుగుతుంటుంది. పదిహేనేళ్లకు, 1693లో, అదే అంగడి నుంచి మన తీరం మీద ఇంకో పుస్తకం వచ్చింది. వలందుల (డచ్చివాళ్ల) కంపెనీ కొలువులో ఈ తీరాన ఏళ్ల తరబడి గడిపిన డానియల్ హావార్ట్ దాన్ని రాశాడు. పేరును తెలుగులో చెప్పుకుంటే ‘కోరమాండల్ ఉత్థాన పతనాలు’. మచిలీపట్నం, నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, నాగులవంచ, గోల్కొండ వరసగా అందులో వస్తాయి. ద్రాక్షారామాన్ని వలందులు తమ నోటికి తిరిగినట్టు దాట్సెరోమ్ అని రాసుకున్నారు. అందులోనూ రాగిరేకు బొమ్మలున్నాయి. కాని వాటిలో దొంగ లేడు. అంగడి ఒకటే, కొనుగోలుదారులూ ఇంచుమించు ఒక్కరే. మొదటి పుస్తకంలో సముద్రం మీద బలవంతంగా సొమ్ము లాగేవాడు దొంగ. రెండో పుస్తకంలో తుపాకులు మోసే ఓడల్లో వచ్చినవాడు వర్తకుడు.

పాత రేవు పట్టణాల చిత్రాల మీద, సముద్రపు దొంగతనం మీద పడమటి దేశాల్లో పుస్తకాలకు కొదవ లేదు. రెంటినీ ఒకే గాటన కట్టి, గోదావరి మొగల దగ్గర నిలబడి చూసినవి తక్కువ. అలా చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. రేవు బొమ్మలో ఎవరు దొంగో, ఎవరు దొరో తేల్చింది సముద్రం మీద జరిగిన పని కాదు. బొమ్మకు డబ్బు పెట్టినవాడి జెండా తేల్చింది. ఈ మాట కొందరికి అతిశయోక్తిగా తోచవచ్చు. దీన్ని నిలబెట్టాలంటే బొమ్మలు ఎలా తయారయ్యాయో, ఏ రేవులు వాటికి ఎక్కాయో, ఏవి ఎక్కలేదో చూడాలి. దొంగ అనే మాట ఎవరి మీద ఎప్పుడు వాలిందో కూడా చూడాలి. కోనసీమ ఈ విచారణకు మంచి చోటు. ఎందుకంటే ఇక్కడ ఓడలున్నాయి, రేవులున్నాయి, పరదేశి కొట్లున్నాయి, బొమ్మలే దాదాపు లేవు.

ముందు బొమ్మ పుట్టుక. నున్నగా తోమిన రాగిరేకు మీద ఉలి లాంటి సన్నని ఉక్కు ములుకుతో గీతలు చెక్కుతారు. రేకును వేడిచేసి సిరా పూసి, పైపైన ఉన్నదాన్ని గుడ్డతో, ఆఖర్న అరచేత్తో తుడిచేస్తారు. గాడిలో మిగిలిన సిరాయే బొమ్మ. తడి కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య నొక్కి లాగితే గీతలు కాగితం మీదికి దిగుతాయి. ఇక్కడొక చిక్కుంది. రేకు మీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమకు వస్తుంది. చెక్కేవాడు దాన్ని లెక్కలోకి తీసుకుని తిరగేసి చెక్కాలి. ముందున్న బొమ్మను ఉన్నదున్నట్టు రేకు మీదికి ఎక్కిస్తే ఊరే తిరగబడుతుంది. ఉత్తరాన ఉండాల్సిన ఏరు దక్షిణాన పారుతుంది. చెక్కేవాడు ఆ రేవును ఎన్నడూ చూసి ఉండడు కాబట్టి అతనికి తేడా తెలియదు, కొనేవాడికి అసలే తెలియదు. పైగా రాగిరేకు ఆస్తి. అచ్చు తీసేకొద్దీ గీతలు అరుగుతాయి, మళ్లీ చెక్కి పదును పెడతారు, దివాలా తీస్తే వేలం వేస్తారు. లేడెన్ నగరపు పీటర్ వాన్ డెర్ ఆ ఇలాంటి పాత రేకులు పోగుచేసి, 1729లో దేశదేశాల దృశ్యాల భారీ సంపుటాలు వేశాడు. ఆ సంపుటాల్లో ఆసియా రేవును చూసి 1729 నాటి ఊరనుకుంటే పప్పులో కాలేసినట్టే. అది యాభై అరవై ఏళ్ల కిందటి రేకు కావచ్చు, ఆ రేకు అంతకు ముందటి గీతకు నకలు కావచ్చు.

ఇప్పుడు ఏ రేవులు బొమ్మకెక్కాయో చూద్దాం. 1572లో కొలోన్ నగరంలో బ్రౌన్, హోగెన్‌బర్గ్ మొదలుపెట్టిన నగరాల చిత్రసంపుటిలో మన దేశం నుంచి కనిపించేవి పడమటి తీరపు రేవులు: కాలికట్, కణ్ణనూరు, గోవా, డయ్యూ. 1596లో లిన్‌స్కోటెన్ యాత్రా గ్రంథం గోవాను వీధులతో సహా చూపించింది. తూర్పు తీరం వంతు వలందులు స్థిరపడ్డాక వచ్చింది. 1672లో ఫిలిప్ బాల్డేయస్ అనే వలంద మతగురువు మలబారు, కోరమాండల్, సింహళం మీద వేసిన లావాటి పుస్తకం రేవుల దృశ్యాలతో నిండి ఉంటుంది. పరాసుల (ఫ్రెంచివాళ్ల) వైపు నుంచి పద్దెనిమిదో శతాబ్దంలో జాక్ నికొలా బెలాఁ మచిలీపట్నం కోట నక్షాను తన చిన్న అట్లాసులో ఇచ్చాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బొమ్మకెక్కిన రేవులన్నింటికీ కోటో బురుజో చర్చి గోపురమో ఉంది. చిత్రకారుడికి ఆకాశం మీద గీత కావాలి, ఆ గీత మీద జెండా పాతడానికి ఒక ఎత్తు కావాలి. ముందు నీళ్లలో తెరచాపలెత్తిన పెద్ద ఓడలు, వాటి పక్కన ఊరివాళ్ల చిన్న పడవలు. ఇది రేవు బొమ్మకు కుదిరిపోయిన మూస. అందులో నీళ్లు ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటాయి. ఫిరంగి పేలితే అది సలాముకే.

కోనసీమ ఈ మూసలో ఇమడదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు సముద్రంలో కలిసేచోట కొండ లేదు, కోట లేదు. ఏటిగట్టుకు అటూ ఇటూ లంకలు, మొగ దగ్గర ఇసుక మేటలు, ఆటుపోట్లతో ఏటేటా చోటు మారే లోతు. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకోవాలి, సరుకు నావల మీద రావాలి. బొమ్మ గీసేవాడికి ఇక్కడ కనిపించేది నీటి గీత, దాని మీద ఆకుపచ్చ గీత, అంతే. అందుకని ఈ తీరం చిత్రానికి కాక ఓడల పటానికి ఎక్కింది. పరాసుల నౌకాపటాల్లో, ఆ తర్వాత అలెగ్జాండర్ డాల్రింపుల్ లండన్‌లో చెక్కించి అచ్చువేసిన పటాల్లో గోదావరి మొగలు అంకెలుగా కనిపిస్తాయి. ఒక్కో అంకె ఒక్కో చోట నీటి లోతు. మద్రాసులో ఖగోళ పరిశీలకుడిగా ఉన్న మైకేల్ టాపింగ్ 1780ల్లో, 90ల్లో ఈ తీరాన్నీ గోదావరి కృష్ణల డెల్టానూ కొలిచాడు. 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. ఇంగ్లీషు నావికుల పుస్తకాల్లో గోదావరి ముక్కు ‘గోర్డవేర్ పాయింట్’ అయింది. ఆ అంకెల వెనక ఎవరున్నారో ఆలోచించాలి. మేట ఎక్కడ పడిందో, ఏ పోటుకు ఎంత నీరు లేస్తుందో తరతరాలుగా తెలిసినవాళ్లు ఇక్కడి పడవవాళ్లు. ఆ తెలివిడే వాళ్ల రక్షణ కూడా. లోతు తెలియనివాడు మొగలోకి రాలేడు. పటం అచ్చయిన రోజున ఆ కాపలా పోయింది. మచిలీపట్నం బొమ్మ కన్నా ఈ అంకెల కాగితమే ఎక్కువ పదునైన ఆయుధమని ఈ వ్యాసకర్త అభిప్రాయం, చూడ్డానికి అది ఎంత చప్పగా ఉన్నా.

ఇక దొంగ అనే మాట. ఎక్స్‌క్వెమెలిన్ పుస్తకం 1684లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు హెన్రీ మోర్గన్ అందులో తనను దొంగగా చూపారని లండన్ ప్రచురణకర్తల మీద పరువునష్టం దావా వేసి 200 పౌన్లు గెలుచుకున్నాడు. పనామాను కొల్లగొట్టినవాడే ఆ మోర్గన్. అప్పటికే రాజు చేత సర్ బిరుదు పుచ్చుకుని జమైకాకు ఉప గవర్నరుగా కూడా పనిచేసి ఉన్నాడు. చేసిన పనిని అతను కాదనలేదు, పేరును కాదన్నాడు, కోర్టు ఒప్పుకుంది. 1695లో ఇంగ్లీషు నావికుడు హెన్రీ ఎవ్రీ ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని సూరత్ దారిలో దోచినప్పుడు కథ మరోలా నడిచింది. సూరత్‌లోని ఇంగ్లీషువాళ్లను మొఘల్ అధికారులు బంధించారు, కంపెనీ వ్యాపారం ఆగింది, అందుకని ఎవ్రీ దొంగయ్యాడు. 1724లో లండన్‌లో వెలువడిన ప్రసిద్ధ సముద్రపు దొంగల చరిత్రలో అతనికో అధ్యాయం దక్కింది. పడమటి తీరంలో కాన్హోజీ ఆంగ్రే మరాఠా రాజ్యపు సర్ఖేల్, అంటే నౌకాదళాధిపతి. తన నీళ్లలో తిరిగే ఓడలు తన దస్తకు, అంటే అనుమతి కాగితం, తీసుకోవాలన్నాడు. ఇంగ్లీషు కాగితాల్లో అతని వంశమంతా దొంగలే. 1756లో ఇంగ్లీషు సేనానులు వాట్సన్, క్లైవ్ కలిసి ఆంగ్రేల విజయదుర్గాన్ని పట్టుకుని, కోటలో దొరికిన సొత్తును తమ మనుషులే పంచుకున్నారు. లండన్ చిత్రకారులు గీసింది దుర్గం మీది మంటలను. పంపకాన్ని కాదు.

మన తీరానికి వద్దాం. పదహారో శతాబ్దం నుంచి బుడతకీచులు (పోర్చుగీసువాళ్లు) సముద్రం మీద కార్తాజ్ అనే కాగితం అమ్మారు. అది లేని ఓడ దొరికితే సరుకుతో సహా వాళ్ల సొంతం. మచిలీపట్నం నుంచి అచే, పెగూ, తెనాసరిం వెళ్లే గోల్కొండ ఓడలు ఈ కాగితం కోసం డబ్బు కట్టాయి, కట్టకుండా వెళ్లి చిక్కాయి కూడా. వలందులు వచ్చాక పాసు ఇచ్చే చెయ్యి మారింది. తరంగంబాడిలో కోట కట్టుకున్న డేనులు 1642 మొదలు 1698 దాకా బెంగాల్ మొఘలుల మీద యుద్ధమని చెప్పి బంగాళాఖాతంలో బెంగాల్ ఓడలు పట్టుకుంటూ బతికారు. వ్యాపారానికి పెట్టుబడి లేని కంపెనీకి అదే పెట్టుబడి. అన్నిటికన్నా విలువైన సాక్ష్యం 1686లోది. బాకీల మీద, వ్యాపార హక్కుల మీద తగాదా పెరిగి వలందుల కంపెనీ మచిలీపట్నం రేవును బలప్రయోగంతో ఆక్రమించుకుంది. ఒక వ్యాపార సంస్థ ఓడల నుంచి సిపాయిలను దించి, తనకు చోటిచ్చిన రాజు రేవునే పట్టుకుంది. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడింది కాబట్టి ఆ గొడవ చరిత్ర పుటల్లో అడుగున పడిపోయింది. ఆరేళ్ల తర్వాత వెలువడిన హావార్ట్ పుస్తకం పేరులో ‘పతనం’ అనే మాట ఉంది. ఆ పతనం పడ్డవాడి వైపు నుంచి కాదు, లాభం తగ్గిన కంపెనీ వైపు నుంచి చెప్పింది. ఇదే పని కరీబియన్‌లో ఎవడో పదిమందిని వెంటేసుకుని చేసి ఉంటే అదే అంగడి ముందటి పుస్తకంలో అతని బొమ్మ కత్తితో అచ్చయి ఉండేది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దొంగ అన్నది ఉత్త ముద్రే అయితే నిజంగా దోపిడీకి గురైనవాళ్ల గతేమిటి? బంగాళాఖాతంలో అసలు దొంగలు లేరా? ఉన్నారు. చిట్టగాంగ్ కేంద్రంగా ఆరకాను మగ్గులు, వాళ్లతో కలిసిన బుడతకీచు సాహసికులు బెంగాల్ నదుల్లోకి చొరబడి ఊళ్లకు ఊళ్లనే ఎత్తుకుపోయారు. 1666లో షాయిస్తాఖాన్ చిట్టగాంగ్‌ను పట్టుకున్న కాలాన్ని రాసిన షిహాబుద్దీన్ తాలిష్ చెప్పినది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. బందీల అరచేతులకు రంధ్రాలు చేసి సన్నని బెత్తం దూర్చి కట్టేవారట, ఓడ అడుగున కోళ్లకు గింజలు విసిరినట్టు పచ్చి బియ్యం విసిరేవారట. 1696లో మద్రాసు రేవులోనే రాబర్ట్ కలిఫర్డ్ ముఠా జోసయ్య అనే కంపెనీ ఓడను ఎత్తుకుపోయింది. వీళ్లను దొంగలు కాదనడం మూర్ఖత్వం. కాని తాలిష్ కథ అక్కడితో ఆగదు. ఆ బందీలను దక్కను రేవుల్లో వలందులకు, ఇంగ్లీషువాళ్లకు, పరాసులకు అమ్మేవారని కూడా అతనే రాశాడు. ఎత్తుకొచ్చినవాడు దొంగ అయితే రేవులో బేరమాడి కొన్నవాడు ఎవరు? రేవు బొమ్మలో ఆ కొనుగోలుదారు గొడుగు కింద నడుస్తున్న పెద్దమనిషి. కాబట్టి నేనంటున్నది దొంగతనం లేదని కాదు. బొమ్మ దొంగతనాన్ని సగం చోట కత్తిరించి చూపిందని.

గోదావరి మొగలకు ఈ బేరం దూరం కాలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, ముఖ్యంగా కరువు రోజుల్లో, ఈ ప్రాంతపు రేవుల నుంచి హిందూ మహాసముద్రంలోని పరాసుల చెరకు దీవులకు మనుషులను ఓడలకెక్కించారు. ఆ కాలంలో యానాం కొఠీకి అధికారిగా ఉన్నవాడు పియేర్ సొన్నెరా. ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా అతను ప్రపంచ ప్రసిద్ధుడు. 1782లో పారిస్‌లో వెలువడిన అతని తూర్పుదేశాల యాత్రా గ్రంథంలో కోరమాండల్ వృత్తులవాళ్లు, దేవుళ్లు, పడవలు, పక్షులు రాగిరేకు చిత్రాలుగా ఉన్నాయి. సాలె మగ్గం గుంట, కుండలు చేసే సారె ఎంత శ్రద్ధగా గీశారో చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. అలాంటి చేతికి కూడా రేవులో ఓడకెక్కుతున్న మనుషులు చిత్రవస్తువు కాలేదు. ఇది సొన్నెరా మీద నేరారోపణ కాదు. ఆ పుస్తకం యానాం కొలువుకు ముందటిది. పారిస్‌లో కొనేవాడికి కావలసింది మగ్గం, దేవుడు, నెమలి. ఆ జాబితాలో గొలుసు లేదు.

రెండో అభ్యంతరం చట్టం తెలిసినవాళ్లది. కార్తాజ్ అయినా పాసు అయినా ఆ కాలపు సముద్ర న్యాయం, గోల్కొండ వర్తకులే కొనుక్కున్నారు, దాన్ని ఇవాళ్టి కళ్లతో దోపిడీ అనడం అన్యాయం అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కాగితం పట్టింపు ఎంత బలమైనదంటే, శత్రువుల ఓడలు పట్టడానికి ఇంగ్లండు రాజు అనుమతి ఉన్న ఓడ నాయకుడు కిడ్ 1698లో పట్టుకున్న క్వెడా మర్చంట్ అనే ఓడలో పరాసుల పాసు ఉంది, దాన్ని చూపించి ప్రాణం దక్కించుకోవాలని అతను చూశాడు. విచారణ నాటికి ఆ కాగితం కనపడకుండా పోయింది, 1701లో లండన్‌లో ఉరితీశారు. రాజులకు అవసరమైనంత కాలం ఇలాంటివాళ్లు దేశభక్తులు. ఏరు దాటిందాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అన్న మన సామెత వీళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అయితే ఈ తీరానికి సముద్ర న్యాయం పడమటి నుంచి దిగుమతి అయిందన్న మాటను ఒప్పుకోలేం. దానికి సాక్ష్యం రాతి మీద ఉంది.

ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట. అందులో ఒక ఒప్పుకోలు ఉంది, దాన్ని చాలామంది గబగబా దాటేస్తారు. పూర్వపు రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులను, గుర్రాలను, రత్నాలను, సమస్తాన్నీ బలవంతంగా లాక్కునేవారని శాసనమే చెబుతోంది. అంటే దొంగ ఎవరో రాజే చెప్పాడు, తన ముందటి రాజులనే చెప్పాడు. ఇకపై నియమిత సుంకం తప్ప తక్కినదంతా వర్తకుడిదే అన్నాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు ఇలా ఒక్కో సరుకుకూ లెక్క ఉంది. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఇటు వచ్చిన మార్కో పోలో మలబారు తీరంలో ఒక అలవాటును గురించి రాశాడు. అటు రాదలుచుకోని ఓడ గాలికి కొట్టుకొస్తే, దేవుడే మాకిచ్చాడంటూ అక్కడివాళ్లు దోచుకునేవారట. రెండూ పక్కపక్కన పెట్టండి. విరిగిన ఓడ సొమ్ము ఎవరిది అన్న ప్రశ్న బుడతకీచులు రావడానికి రెండున్నర శతాబ్దాల ముందే తెలుగు తీరంలో అడిగారు, జవాబూ చెక్కారు. అది అక్షరాలా అమలైందో లేదో వేరే మాట. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే మళ్లీ అభయమివ్వాల్సి వచ్చిందంటే అమలు అంత సజావుగా సాగలేదనే అనుకోవాలి. అయినా రాగిరేకు బొమ్మ దాచింది రాతిశాసనం చెప్పింది. తన కుర్చీ కూడా దోచుకోగలదని ఒక రాజు రాయించుకున్నాడు.

ఇంతకూ ఆ చిత్రాలను పారెయ్యమంటావా అని అడగవచ్చు. వద్దు. చిత్రంలో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో విడదీసుకోవాలి. ఆకాశరేఖ, జెండాల ఎత్తు, జనం ముఖాల్లో తృప్తి, ఇవి అమ్మకానికి పెట్టినవి. ఓడ కట్టు, తాళ్లు, పడవ కుట్టు మీద చిత్రకారుడు సాధారణంగా అబద్ధమాడడు, ఆడితే నావికులు నవ్వుతారు. ఆంట్‌వెర్ప్ నుంచి వచ్చిన సోల్విన్స్ నౌకల చిత్రకారుడు కావడం వల్లనే, 1799లో కలకత్తాలో, తర్వాత 1808 నుంచి 1812 దాకా పారిస్‌లో అచ్చయిన అతని చిత్రాల్లో పడవలకు పెద్దపీట వేశాడు. కోరమాండల్ తీరపు దోణి కూడా అందులో ఉంది. 1834లో జాన్ ఎడీ అనే ఓడల నిర్మాణ నిపుణుడు ఈ దేశపు నౌకలను కొలిచి పటాలతో సహా ప్రచురించాడు. కోరమాండల్ దోణికి అతనిచ్చిన లెక్క సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అడుగుభాగం బల్లపరుపు. బల్లపరుపు అడుగు అన్న ఒక్క మాటలో గోదావరి మొగంతా ఉంది. మేట మీద కూర్చున్నా ఒరిగిపోకుండా పోటు వచ్చేదాకా ఆగగల ఓడ అది. 1670ల్లో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తక నావికుడు తన రాతప్రతిలో కలంతో గీసుకున్న పడవల బొమ్మలు ఇంకా నమ్మదగినవి. కారణం సులువు. అవి అమ్మడానికి గీసినవి కావు, 1905 దాకా అచ్చే కాలేదు. నరసాపురంలో కలప, ఇనుము, పనివాడితనం అన్నీ చవగ్గా దొరికి ఇంగ్లీషు వర్తకులు అక్కడ ఏటా ఓడలు కట్టించుకునేవారని రాసింది కూడా బౌరీయే. అంతకు ముందే, 1611లో మచిలీపట్నం వచ్చిన గ్లోబ్ ఓడ మరమ్మతు కోసం నరసాపురం ఏటిలోకే వచ్చింది.

కోనసీమ అంటే కొబ్బరి, వరి, వేదపాఠశాలలు. ఓడల చరిత్రను అంటగట్టడం ఎందుకన్నది ఇంకో పెదవి విరుపు. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. అల్లవరం మండలంలో బెండమూర్లంక ఉంది. ఇంగ్లీషువాళ్లు బందర్‌మలంక అని పిలిచిన ఆ ఊళ్లో వాళ్ల కొఠీ ఉండేది. 1757లో పరాసుల సేనాని బుస్సీ మాధవాయపాలెం, ఇంజరం కొఠీలతో పాటు దాన్నీ పట్టుకున్నాడు. మాధవాయపాలెం బట్ట ‘మదపొల్లం’ అనే పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఊరిని మాత్రం వశిష్ఠ మింగేసింది. బెండమూర్లంక పక్కనే వైనతేయ మొగ దగ్గరి ఊరి పేరే ఓడలరేవు. ఇప్పుడక్కడ చమురు సంస్థ ప్లాంటు కనిపిస్తుంది గాని పేరు పాతదే. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామికి ఇప్పుడున్న ఆలయాన్ని 1823లో పూర్తిచేసింది కొపనాతి కృష్ణమ్మ. అగ్నికుల క్షత్రియుడు, ఓడల యజమాని. లంకల మధ్య రాయి దొరకని చోట అంత గుడి కట్టే సంపద పొలం నుంచి కాక సముద్రం నుంచి వచ్చిందంటే, ఇక్కడి ఓడల వర్తకం ఆషామాషీ కాదని తేలుతుంది. ఆయన ఓడలకు అచ్చుబొమ్మ లేదు. గుడి ఉంది.

పందొమ్మిదో శతాబ్దానికి ఆట ముగిసింది, చిత్రాలు మాత్రం పెరిగాయి. 1804 సెప్టెంబరులో విశాఖ రేవులో పరాసుల అడ్మిరల్ లినోవా ఓడలు ఇంగ్లీషు సెంచూరియన్ మీద పడి, ప్రిన్సెస్ షార్లెట్ అనే సరుకుల ఓడను పట్టుకుపోయాయి. 1817లో లండన్‌లో విట్‌కోంబ్ చిత్రం ఆధారంగా అచ్చయిన ఆ పోరు ఇంగ్లీషు శౌర్యంగా కనిపిస్తుంది. 1800లో గంగ మొగ దగ్గర కెంట్ అనే పెద్ద ఓడను పట్టిన సుర్కూఫ్ పరాసులకు వీరుడు, కలకత్తా పత్రికలకు దోపిడీదారు. ఆ దండయాత్రలో తానూ ఉన్నానని చెప్పుకున్న గార్నెరే తర్వాత ఫ్రాన్సు రేవుల దృశ్యాలను వరసగా చెక్కి పేరు తెచ్చుకున్నాడు. రేవు బొమ్మల చేతికి, కొల్లగొట్టిన చేతికి మధ్య దూరం ఒక్కోసారి ఎంత తక్కువో ఇంతకన్నా చెప్పక్కర్లేదు. సరుకుల ఓడను పట్టుకున్న పని రెండు చోట్లా ఒకటే. బొమ్మ కింద పేరు వేసినవాడి దేశం మారింది.

1825లో వలందులు పాలకొల్లు, జగన్నాథపురం కొఠీలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, నరసాపురంలో వలందర రేవు మిగిలాయి. సఖినేటిపల్లి వైపు నుంచి ఏరు దాటేవాళ్లకు ఎదుటి గట్టు ఆ వలందర రేవుదే. కోనసీమ వైపు గట్టున మిగిలింది ఇళ్లలో ఉండాలి. బెండమూర్లంక, ఓడలరేవు, అంతర్వేది ప్రాంతాల్లో పాత ఓడ యజమానుల వంశాల వారు, సరంగుల, టండేళ్ల మనుమలు ఉన్నారు. అటక మీద ఓడ లెక్కల పుస్తకమో, సరుకు చీటీనో, చేత్తో గీసిన మొగ పటమో, కలప మీద చెక్కిన ఓడ ముక్కో ఉంటే దయచేసి తూకానికి వెయ్యకండి. ఫొటో తీయించి ఒక ప్రతి రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ అంగడి చెక్కించని బొమ్మ అది.